నీటికీ ఒక పద్దు

పాలకు లెక్క ఉంటుంది; పచారీ సామానుకు పద్దు ఉంటుంది. నీళ్ళకు మాత్రం మన ఇళ్ళలో లెక్కాజమా లేదు. దుబారా మనిషిని చూసి "డబ్బు నీళ్ళలా ఖర్చు పెడుతున్నాడు" అంటామే గాని, అసలు నీళ్ళను మనం ఎలా ఖర్చు పెడుతున్నామో చూసుకోము. హైదరాబాదు గృహస్థులకు ఆ లెక్క చూసుకోక తప్పని అవసరం 2021లో వచ్చింది.

ఆ సంవత్సరం జనవరి 12న, నగరంలో ఒక్కొక్క ఇంటికి నెలకు 20 వేల లీటర్ల మంచినీరు ఉచితంగా ఇచ్చే పథకం మొదలయింది. మురికివాడలలో మీటరు అక్కరలేదన్నారు. తక్కిన ఇళ్ళవారు మాత్రం పనిచేసే మీటరు పెట్టించుకుని, కనెక్షనును ఆధార్‌తో జతపరచాలి. మీటరు ఖర్చు ఇంటివారిదే. 20 వేలు దాటితే, దాటిన నీటికి ఛార్జీ తప్పదు. ఇక ఇంటింటా ఒకటే ప్రశ్న: మీటరు పెట్టిస్తే లాభమా, నష్టమా?

జవాబు మీ ఇంట్లో ఎందరున్నారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని మన దేశంలో ఇంజనీర్లు వేసుకునే లెక్క. అయిదుగురున్న ఇంటికి రోజుకు 675 లీటర్లు, నెలకు 20,250. అంటే అయిదుగురి సంసారం సరిగ్గా గీత మీద నిలబడుతుంది! భార్యాభర్తలిద్దరే ఉన్న ఇంటికి 8,100 లీటర్లు చాలు. వారు నిశ్చింతగా మీటరు పెట్టించుకోవచ్చు. అత్తమామలు, పిల్లలు కలిసి ఎనిమిదిమంది ఉంటే 32 వేలు దాటుతుంది. ఉచితం ఇంటికే గాని మనిషికి కాదు గదా! ఉమ్మడి కుటుంబం వారు ఈ సంగతి ముందే గుర్తుంచుకోవాలి.

మీ వాడకం తెలుసుకోవటానికి పెద్ద చదువు అక్కరలేదు. మేడమీద వెయ్యి లీటర్ల టాంకు ఉంటే, అది ఖాళీ అయి నిండినప్పుడల్లా వంటింటి క్యాలెండరు మీద ఒక గీత గీయండి. నెలకు 20 గీతలయితే 20 వేల లీటర్లన్నమాట. బోరు నీళ్ళు కూడా అదే టాంకులోకి ఎక్కిస్తుంటే ఆ గీతలు విడిగా గీయండి. అవి కుళాయి మీటరులోకి రావు.

గీతలు 20 దాటుతున్నాయా? అయితే పిల్లలమీద కేకలు వేసే ముందు ఇల్లు ఒకసారి పరీక్షించండి. సెకనుకు ఒక చుక్క కారే కుళాయి రోజుకు ఇంచుమించు 20 లీటర్లు తాగేస్తుంది, నెలకు 600! మరుగుదొడ్డి సిస్టర్న్‌లో చప్పుడు కాకుండా కారే నీరు ఇంకా ఎక్కువ. రాత్రి అందరూ పడుకున్నాక, మోటారు, కుళాయి సరఫరా రెండూ లేని సమయంలో, సంపులోనూ, టాంకులోనూ నీటి మట్టానికి సుద్దతో గుర్తు పెట్టండి. ఎవరూ వాడకుండానే మట్టం దిగితే, దొంగ ఇంట్లోనే ఉన్నాడు. మీటరు సంపుకు ముందే ఉంటుంది కనుక, టాంకు పొంగి వీధిలో పోయిన నీరూ మీ ఖాతాలోదే.

అపార్టుమెంట్లలో చిక్కు వేరు. పది ఫ్లాట్లకూ కలిపి ఒకే మీటరు ఉంటే, పొదుపరి ఇల్లాలికీ, రోజూ పైపు పెట్టి కారు కడిగించే ఆసామికీ ఒకటే వాటా. ఫ్లాటు ఫ్లాటుకూ చిన్న మీటరు పెట్టించుకుంటే ఈ పేచీ ఉండదు. కాకపోతే పాత కట్టడాలలో వంటింటికొక గొట్టం, స్నానాల గదికొక గొట్టం దిగుతాయి గనుక, ఎన్ని మీటర్లు కావాలో ప్లంబరును ముందే అడగటం మంచిది.

మీటరు పెట్టినంత మాత్రాన నీళ్ళు ఆదా కావు. తూకం యంత్రం ఎక్కితే ఒళ్ళు తగ్గుతుందా? వారానికొకసారి అంకెలు చూసి రాసుకునేవారికే దానివల్ల ప్రయోజనం. కృష్ణ నీరు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, దారిలో పంపులతో ఎత్తుకుంటూ వస్తేనే హైదరాబాదు చేరుతోంది. బిల్లులో సున్నా ఉన్న నెలలో కూడా ఆ కరెంటు ఖర్చు ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. పాల పద్దు పక్కనే నీటి పద్దుకూ ఒక పేజీ కేటాయించండి.