చెవులపిల్లి మేత మానిన పూట



కోవిల్‌పట్టిలోనో విరుదునగరులోనో మీ ఇంట్లో ఒక చెవులపిల్లి ఉందనుకోండి. ఏడెనిమిదేళ్ళ కిందట పిల్లలు మారాం చేస్తే అరచేతిలో పట్టేటంత కూనను తెచ్చారు. ఆ పిల్లలు ఇప్పుడు పై చదువులకు ఊరు విడిచి పోయారు. కుందేలు మాత్రం ఇంట్లోనే ఉండి ముసలిదయింది. ఒకనాటి ఉదయం మేత పెడితే మూతి తిప్పుకుంది. మూలకు పోయి ముడుచుకు కూర్చుంది. "ఎండకు అలా ఉందిలే, సాయంత్రానికి తింటుంది" అని మీరు పనికి బయలుదేరారు. ఈనాటి ప్రసంగం ఆ ఒక్క పూట గురించే. పెద్ద కుక్క ఒక పూట తిండి మానితే కనిపెట్టి చూడవచ్చు. కుందేలు మానితే మాత్రం ప్రాణం మీదికి వచ్చిందనే అనుకోవాలి.

ఎందుకో చెబుతాను. కుందేలు పొట్ట ఆగకుండా తిరిగే గానుగ లాంటిది. పగలూ రాత్రీ కొంచెం కొంచెంగా గడ్డి లోపలికి పోతూ ఉంటేనే పేగులు కదులుతాయి. పేగులో పెద్ద సంచి వంటి భాగం ఒకటి ఉంది. కోట్లాది సూక్ష్మజీవులు అక్కడ గడ్డిని పులియబెట్టి సత్తువగా మారుస్తాయి. ఆ సత్తువ ద్రాక్షగుత్తి లాంటి మెత్తటి పెంటికలుగా బయటికి వస్తే, కుందేలు వంగి వాటిని మళ్ళీ తింటుంది. అది రోగం కాదు, దాని ఆరోగ్యం. నొప్పి వల్లనో, భయం వల్లనో, నీళ్ళు చాలకనో మేత ఆగితే పేగులు నెమ్మదిస్తాయి. లోపలి మేత ఎండి గట్టిపడుతుంది, గాలి చేరి పొట్ట ఉబ్బుతుంది. ఆ నొప్పికి ఇంకా తినదు. తినకపోతే పేగులు ఇంకా నిలిచిపోతాయి. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి లోపలిది పైకి వచ్చే దారి కూడా లేదు.

ఇంకొక చిక్కు ఉంది. కుందేలు మామూలుగా అరవదు, మూలగదు. వేటాడే జంతువుల నడుమ బతికిన జాతి కాబట్టి బాధను దాచుకుంటుంది. దాని సంగతి చెప్పేవి పెంటికలే. రోజూ ఊడ్చేటప్పుడు ఒక్కసారి చూడండి. గుండ్రంగా, ఒకే పరిమాణంలో, గడ్డిపీచుతో ఉంటే క్షేమం. చిన్నవైతే, వెంట్రుకతో గొలుసులా అతుక్కుని వస్తే, తగ్గిపోతే జాగ్రత్తపడండి. పళ్ళు పటపట కొరకడం, పొట్టను నేలకు అదమడం, చెవులు చల్లబడడం బాధకు గుర్తులు. పది పన్నెండు గంటలు మేతా లేదు, పెంటికా లేదు అంటే తెల్లవారేదాకా ఆగకండి.

పశువుల డాక్టరు దగ్గరికి పోయేలోపు ఏం చేయాలి? చెవులు చల్లగా ఉంటే వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఎండదెబ్బకు చెవులు కాలిపోతుంటే నీడకు చేర్చి, తడిగుడ్డతో చెవులు తుడవండి. మంచినీళ్ళు దగ్గరగా ఉంచండి. ఆముదం, ఓమం నీళ్ళు, సోడా పోయకండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు ఇవ్వకండి. పొట్ట డప్పులా బిగిసి ఉంటే బలవంతంగా ఏదీ తినిపించకండి. లోపల అడ్డు పడి ఉంటే దానివల్ల ప్రాణం పోవచ్చు. అడ్డు లేదని డాక్టరు చూసి చెప్పాక, సిరంజితో మెత్తటి మేత పట్టించే పద్ధతి ఆయన్నే అడిగి నేర్చుకోండి.

మన ఊళ్ళ పశువైద్యశాలలు ఎక్కువగా ఆవులు, మేకలు చూసేవి. కుందేలును తీసుకుపోతే ఎవరైనా నవ్వవచ్చు. మీరు సిగ్గుపడకండి. ఏనాటినుంచి తినలేదు, చివరి పెంటిక ఎప్పుడు, ఏ మేత పెట్టారు అన్నవి స్పష్టంగా చెప్పండి. ఒక్క మాట తప్పక గుర్తుచేయండి: అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పొట్టలోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, అదే చావుకు కారణం కావచ్చు. పెద్ద వైద్యం కావాలంటే తిరునెల్వేలి దగ్గర రామయ్యన్‌పట్టిలో 2012లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది. విరుదునగరు వాళ్ళకు మదురై దగ్గర.

ఇక ముసలి కుందేలుకు రోజువారీ సంరక్షణ. ఇంట్లో బాగా చూసుకుంటే ఇవి ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతాయి. మేతలో ఎక్కువ పాలు ఎండుగడ్డే ఉండాలి. మనవైపు అరుగంపుల్లు అనే గరికను నీడన ఆరబెట్టి పెట్టండి. మందు కొట్టిన పత్తిచేని గట్టు గడ్డి మాత్రం కోయకండి. కోవిల్‌పట్టి కడలైమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మనకు గర్వమే. అయినా ఆ ముక్క కుందేలు నోటికి పోకూడదు. బెల్లం, బిస్కట్లు, అన్నం దాని పేగుకు పడవు. కుందేలుకు ఉన్న 28 పళ్ళూ బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. అరగక మొనదేరి నాలుకకు గుచ్చుకుంటే ఆకలి ఉన్నా తినలేదు. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 100 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి. మన ఎండలకు ఇంకా ఎక్కువ. గిన్నెలో పెడితే ముసలిది సులువుగా తాగుతుంది. కీళ్ళు పట్టేస్తే వంగి ఒళ్ళు శుభ్రం చేసుకోలేదు. తోక కింద తడి ఉంటే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. రోజుకు రెండుసార్లు చూసి తుడవండి. దీపావళి టపాకాయల మోతకు భయపడి కూడా మేత మానుతుంది. ఆ రాత్రి లోపలి గదిలో ఉంచి, దగ్గర ఎవరైనా కూర్చోండి.

ఇన్ని చేసినా ఒకనాడు డాక్టరు తల అడ్డంగా ఊపవచ్చు. పేగులు మళ్ళీ మళ్ళీ నిలిచిపోతూ, మందుకు లేవక, నిలబడే ఓపిక లేక ఉంటే, నొప్పి లేకుండా సాగనంపే ఇంజెక్షను గురించి ఆయనే చెప్పవచ్చు. "ఇన్నాళ్ళు పెంచిన చేత్తో ఎలా?" అని మనసు ఒప్పదు. అప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఇంకొక రోజు అడుగుతున్నది దానికోసమా, మనకోసమా? జవాబు మీకు తెలుస్తుంది. అటు పంపినా, ఒడిలోనే పోనిచ్చినా, నొప్పికి మందు మాత్రం ఇప్పించండి.

పోయిన తరువాత జతకుందేలు ఉంటే కాసేపు దాని దగ్గర వదలండి. అది వాసన చూస్తుంది, పక్కన కూర్చుంటుంది. లేకపోతే రోజుల తరబడి వెతుక్కునేవీ ఉన్నాయి. ఆ వారం దాని మేతనూ పెంటికలనూ మరీ జాగ్రత్తగా చూడండి. దిగులుకు అదీ తిండి మానవచ్చు. లోతుగా గొయ్యి తీసి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టండి. దూరాన ఉన్న పిల్లలకు "ఎక్కడికో పారిపోయింది" అని చెప్పకండి. చనిపోయిందనే చెప్పండి. వాళ్ళు ఏడిస్తే ఏడవనివ్వండి.

"కుందేలే కదా, ఇంకొకటి తెచ్చుకో" అంటారు నలుగురు. వాళ్ళమీద కోపం వద్దు, వాళ్ళు దాన్ని రోజూ చూసినవాళ్ళు కారు. "ఆ ఉదయమే పనికి పోకుండా ఉంటే బతికేదేమో" అని మీ మనసు పీకుతుంది. తెలియక జరిగినదానికి మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి. ఇప్పుడు తెలిసింది కదా. పక్కింట్లో కుందేలు మూతి తిప్పుకుందని వింటే, సాయంత్రందాకా ఆగవద్దని వాళ్ళకు చెప్పండి. మీ చెవులపిల్లి పేరున మీరు చేయగల మేలు అది.