మీకు తెలుసా? ఎల్‌కేజీలో ఒక తోట ఉంది!

మన పిల్లలు చదివే ఎల్‌కేజీ, యూకేజీల్లోని ‘కేజీ’ అంటే కిండర్‌గార్టెన్. ఇది జర్మన్ మాట. ‘కిండ్’ అంటే బిడ్డ, దానికి బహువచనం ‘కిండర్’. ‘గార్టెన్’ అంటే తోట. రెండూ కలిస్తే పిల్లలతోట! మన పూలతోట, మామిడితోటల్లాగే ఇందులోనూ అసలు మాట ‘తోట’ చివరనే వస్తుంది.

ఈ పేరు పెట్టింది జర్మన్ విద్యావేత్త ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్లో చిన్నపిల్లల కోసం ఆయన ఒక కేంద్రం తెరిచారు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టారు. తోటమాలి మొక్కను బలవంతంగా పెంచడు. నీళ్లు పోసి, కంచె కట్టి, ఎదగనిస్తాడు. పిల్లలూ ఆటపాటలతో అలాగే ఎదగాలన్నది ఫ్రోబెల్ నమ్మకం. అక్కడ నిజమైన తోట కూడా ఉండాలనీ, పిల్లలు తమ చేతులతో మొక్కలు పెంచాలనీ ఆయన కోరుకున్నారు.

1851లో అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్ బడులను నిషేధించింది. మరుసటి ఏడాదే ఫ్రోబెల్ కన్నుమూశారు. 1860లో నిషేధం తొలగింది. ఆయన పెట్టిన పేరు మాత్రం ప్రపంచమంతా వేళ్లూనుకుంది.