నొప్పి – విద్యుచ్చికిత్స

నొప్పి యెఱుగని స్త్రీ మన గృహములలో లేదు. నొప్పి యున్నదని నోరు విప్పి చెప్పు స్త్రీలు మాత్రము కొలదిమందియే. నెలనెలా వచ్చు కడుపునొప్పి, కాన్పు తరువాత విడువని నడుమునొప్పి, వయసు మీఱినకొలది మోకాళ్ల నొప్పి – వీనిని ఓర్చుకొనుట ఇల్లాలి ధర్మమని పెద్దలు మనకు చెప్పిరి. మనము మన కుమార్తెలకు చెప్పుచున్నాము. ఓర్పు గొప్ప గుణమే. కాని పోగొట్టుకొనదగిన బాధను ఓర్చుకొనుటవలన ఎవరికి మేలు? ఇప్పుడు అనేక గృహములలో కనబడుచున్న చిన్న విద్యుద్యంత్ర మొకటి ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది. చర్మముపై జిగురుపట్టీల నంటించి, వానిద్వారా మిక్కిలి స్వల్పమైన విద్యుత్తును పంపి, నరములను ప్రేరేపించి నొప్పిని తగ్గించుట దాని పని. దానిని టెన్స్ యంత్రమందురు. కొందరు వైద్యులు ఆ పట్టీలను చీనాదేశపు సూదివైద్యమగు ఆక్యుపంక్చరులో చెప్పబడిన స్థానములపై నుంచుదురు. ఇది ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలిసికొనుట మన కవసరము.

విద్యుత్తుతో నొప్పి నణచుట క్రొత్త యూహ కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున స్క్రిబోనియస్ లార్గస్ అను రోముదేశపు వైద్యుడు, తాకినవారికి విద్యుదాఘాతము నిచ్చు ఒక జాతి సముద్రపు చేపను తలనొప్పికిని, పాదముల వాతరక్తమునకును వాడవలెనని వ్రాసెను. 1825లో ఫ్రాన్సుదేశపు వైద్యుడు సార్లాండియేర్ శరీరమున గ్రుచ్చిన సూదులకు విద్యుత్తును జోడించు విధానమును గూర్చి గ్రంథము ప్రకటించెను. చీనాలో 1958 మొదలుకొని శస్త్రచికిత్సలయందును సూదులు వాడిరి. చికిత్స ముగియువఱకు సూదులను చేతితో త్రిప్పుచుండుట ప్రయాసము; కావున ఆ పనిని క్రమముగా విద్యుత్తున కప్పగించిరి. మన దేశమునకు ఈ విద్యను తెచ్చినవారిలో డాక్టరు బిజయకుమార్ బసు ముఖ్యుడు. 1938లో డాక్టరు కోట్నీసుతోపాటు చీనాకు వెడలిన భారత వైద్యబృందమున ఈయన యుండెను. తరువాత మరల చీనాకేగి ఆక్యుపంక్చరు నేర్చి, 1959లో కలకత్తాయందు దానిని ప్రవేశపెట్టెను.

చీనావారు శరీరమున లెక్కించిన ముఖ్యస్థానములు 361. ఇవి మన సుశ్రుతుడు చెప్పిన మర్మములే యని కొందరందురు. అట్లనుట సరికాదు. సుశ్రుతుని మర్మములు 107. అవి దెబ్బతగిలినచో ప్రాణమునకో అవయవమునకో హాని కలుగు చోట్లు. శస్త్రవైద్యుడు వానిని కాపాడుకొనుచు కోయవలెనని ఆయన యుపదేశము. అక్కడ తప్పించుకొనుట, ఇక్కడ గ్రుచ్చుట – రెండింటి ప్రయోజనము వేఱు. పోలిక యున్నది కొలతలో: రోగి వ్రేలి వెడల్పుతోనే రోగి శరీరమును కొలుచుట ఉభయశాస్త్రములకును సమానము.

ఇక ఈ విద్యుత్తు నొప్పి నెట్లు తగ్గించును? గడప తగిలి కాలివ్రేలు నొచ్చినప్పుడు మన మెవ్వరును చెప్పకయే దానిని చేతబట్టి రుద్దుదుము. బాధ కొంత తగ్గును. 1965లో మెల్జాక్, వాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి కారణమును సూచించిరి. నొప్పి వార్తను మోయు నరములు వేఱు, స్పర్శవార్తను మోయు నరములు వేఱు. రెండును వెన్నుపామును చేరును. అచ్చట ఒక ద్వారము వంటి యేర్పాటు కలదనియు, స్పర్శవార్త అధికమైనచో నొప్పివార్తకు ఆ ద్వారము కొంత మూతపడుననియు వారి సిద్ధాంతము. ఆ సిద్ధాంతమున పిమ్మట కొన్ని మార్పులు జరిగినను, మూలభావము నిలిచియున్నది. టెన్స్ యంత్రము చేయునది ఈ రుద్దుటయే. చేతికి బదులు విద్యుత్తు రుద్దును.

రెండవ మార్గము మఱింత విచిత్రమైనది. బీజింగు నగరమున హాన్ జిషెంగ్ అను శాస్త్రజ్ఞుడు 1965 మొదలుకొని దీనిని పరిశోధించెను. హెగు అను స్థానమున సూది గ్రుచ్చి చూడగా, నొప్పి నోర్చు శక్తి తక్షణమే గాక, సుమారు అరగంటలో క్రమముగా పెరిగి, సూది తీసిన పిమ్మట మెల్లగా తగ్గెను. ఒక కుందేలికి ఈ చికిత్స చేసి, దాని మెదడు నంటియున్న ద్రవమును వేఱొక కుందేలికి ఎక్కింపగా, రెండవదానికిని నొప్పి తగ్గెను. అనగా దేహములో ఏదో పదార్థము పుట్టుచున్నదన్నమాట. 1975లో స్కాట్లండులో హ్యూస్, కోస్టర్లిట్జ్ అనువారు మెదడులో నల్లమందు వలె పనిచేయు సహజపదార్థములను కనుగొనిరి. విద్యుత్తు సెకండునకు 2 మారులు తాకినచో ఒక తెగ పదార్థములును, 100 మారులు తాకినచో మఱియొక తెగయు వెలువడునని హాన్ గారి బృందము తెలిపెను.

స్థానములు కొన్ని తెలిసికొందము. హెగు చేతివెనుక బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ కండ యున్నచోట గలదు. సాన్యింజియావ్ అనునది లోపలి చీలమండకు పైన నాలుగు వ్రేళ్ల యెత్తున, కాలి పెద్దయెముక వెనుక అంచున నుండును. దీనిని బహిష్టునొప్పికిని ప్రసవవేదనకును వాడుదురు. గర్భవతులకు నెలలు నిండకముందు ఈ రెండు స్థానములను తాకరాదని చీనావైద్యుల కట్టడి.

ఫలమెంత? బహిష్టునొప్పికి వేగముగా తాకు టెన్స్ కొంత ఉపశమనము నిచ్చునని అనేక చిన్న పరీక్షలలో తేలినది. ప్రసవవేదనను గూర్చి 19 పరీక్షలను ఒకచోట చేర్చి 2009లో విచారించిరి. వీపుపై పట్టీలు పెట్టుటవలన నొప్పి గణనీయముగా తగ్గినట్లు కనబడలేదు. ఆక్యుపంక్చరు స్థానములపై పెట్టిన స్త్రీలలో మాత్రము తీవ్రవేదన చెప్పినవారు తక్కువ. కాని ఆ విధమైన పరీక్షలు రెండే. అయినను టెన్స్ వాడిన స్త్రీలలో పెక్కురు మరల కావలెననిరి. వేఱొక సంగతియు దాచరాదు. విద్యుత్తు లేని కేవల సూదివైద్యమును గూర్చి జర్మనీలో నడుమునొప్పిగల 1162 మందిపై చేసిన పరీక్షాఫలము 2007లో వెలువడెను. సరియైన స్థానములలో గ్రుచ్చినవారిలో నూటికి 47 మందికిని, స్థానము కాని చోట పైపైన గ్రుచ్చినవారిలో 44 మందికిని గుణమిచ్చెను. సాధారణ వైద్యము పొందినవారిలో 27 మందికే. కావున ఉపశమనము సత్యము. ఆ స్థానమే కావలెనను మాట యింకను విచారణీయము.

వాడుకొనువారు పాటింపవలసిన నియమములు కలవు. చర్మమును కడిగి, నూనె లేకుండ తుడిచి పట్టీ నంటింపవలెను. మీటను మెల్లగా త్రిప్పి, చీమలు ప్రాకినట్లు స్పష్టముగా తోచునంతవఱకే పెంచవలెను, బాధ కలుగరాదు. ఇరువది ముప్పది నిమిషములు చాలును. గంటల తరబడి పెట్టినచో దేహము దానికి అలవాటుపడి ఫలము తగ్గును. యంత్రము ఆపిన తరువాతనే పట్టీలు తీయవలెను. గుండెకు పేస్‌మేకరు అమర్చినవారు దీనిని తాకరాదు. మూర్ఛరోగులును గర్భవతులును వైద్యు నడుగక వాడరాదు. మెడ ముందుభాగమున, కన్నులపై, ఱొమ్మునకు అడ్డముగా, పుండ్లపై పెట్టరాదు. మధుమేహముచే పాదముల స్పర్శ పోయినవారికి చర్మము కాలినను తెలియదు, వారచ్చట పెట్టరాదు. స్నానము చేయుచు, నిద్రించుచు వాడరాదు. సూదులు గ్రుచ్చి విద్యుత్తు పంపు పద్ధతి ఇంటిలో చేయదగినది కానేకాదు. నేర్చిన వైద్యుడే, ఒక్కమారు వాడి పారవేయు సూదులతోనే చేయవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. నొప్పి శత్రువు మాత్రమే కాదు, వార్తాహరుడు కూడ. ఈ యంత్రము నొప్పిని అణచును గాని దానికి మూలమైన రోగమును మాన్పదు. ఏటేట పెరుగు బహిష్టునొప్పి వెనుక గర్భాశయపు గడ్డలుండవచ్చును. కడుపున కుడివైపు క్రిందిభాగమున హఠాత్తుగా వచ్చి జ్వరముతో కూడిన నొప్పి శస్త్రచికిత్స కోరునది కావచ్చును. ఱొమ్ము, దవడ, ఎడమచేయి నొచ్చుచు చెమటలు పట్టినచో అది గుండెజబ్బు కావచ్చును; స్త్రీలకు ఒక్కొక్కప్పుడు వట్టి ఆయాసము, వికారము మాత్రమే తోచును. ఇట్టివేళ పట్టీ అంటించి పరుండుట ప్రాణాపాయము.

కావున నొప్పి కలిగినప్పుడు మొదట ఇంటివారికి చెప్పుడు. పిదప వైద్యునికి చూపి కారణము తెలిసికొనుడు. కారణము తెలిసి, అపాయము లేదని తేలినచో, ఉప్పుమూట కాపడమో, శొంఠిపట్టో, ఈ విద్యుద్యంత్రమో – మీకు సుఖమిచ్చుదానిని నిస్సంకోచముగా వాడుకొనుడు. మీ కుమార్తె కడుపునొప్పి యని ముడుచుకొని పరుండినప్పుడు, ఓర్చుకొమ్మని చెప్పుటకు ముందు, ఎక్కడ, ఎప్పటినుండి, ఎంత యని అడుగుడు. ఆ మూడు ప్రశ్నలే వైద్యమునకు మొదటి మెట్టు.