అంగడి ముంగిట అరగంట

వీధి ఎవరిది అని అడిగితే, అందరిదీ అని చెప్పుట సులభము. ఆ అందరూ ఒకే వేళకు, ఒకే చోటికి, తమ తమ బండ్లతో వచ్చినప్పుడు మాత్రము ఆ సమాధానము చాలదు. చాలీచాలని చోటును ఎట్లు పంచుకొనవలెను అను రెండవ ప్రశ్న అప్పుడు పుట్టుచున్నది. ప్రతి పట్టణములోని బజారు వీధీ పొద్దు పొడిచినది మొదలు దీపాలు ఆర్పు వరకు ఈ రెండవ ప్రశ్ననే వేయుచుండును.

ఈ చిక్కు మోటారుతో పుట్టినది కాదు. క్రీస్తుకు పూర్వము 45వ సంవత్సర ప్రాంతమున, జూలియస్ సీజరు నాటి శాసనము, పగటివేళ చాలభాగము సరుకుల బండ్లు రోము నగర వీధులలో తిరుగరాదని నిషేధించినది. మన పట్టణాలలోనూ బజారున బండ్ల రద్దీ పాతదే. అయితే నాటి బండికి సహజముగా ఒక హద్దు ఉండెడిది. బియ్యపు బస్తాలో, బెల్లపు దిమ్మలో దింపిన పిమ్మట ఎడ్లకు మేత కావలెను, నీరు కావలెను, నీడ కావలెను. అందుచేత బండివాడు సరుకు దింపగానే ఊరి చివరి తోపునకో, చెరువు గట్టునకో తోలుకొని పోయెడివాడు. మోటారు బండికి ఆకలి లేదు, దప్పిక లేదు. తాళము వేసి పోయిన చోటనే అది సాయంకాలము వరకు పడి ఉండగలదు. బజారు వీధి కష్టమంతయు ఈ ఒక్క భేదములో ఉన్నది.

చిట్టాలో పడని నష్టము

చిన్న అంగడికి వచ్చువారి పని సాధారణముగా చిన్నది. ఒకరికి మందుబిళ్లలు కావలెను, ఒకరికి నోటుపుస్తకాలు, మరొకరికి గడియారమునకు కొత్త పట్టీ. పది నిమిషాల పని, మహా అయితే అరగంట. ఈ అరగంట సేపు బండి నిలుపుటకు చోటు దొరకనిచో వచ్చినవాడు వీధి చివరి వరకు పోయి, మలుపు తిరిగి, మరల వచ్చును. రెండవసారియు దొరకనిచో మరి ఆ వీధికి రాడు. నేలమాళిగలో బండ్లు నిలుపుకొను పెద్ద వాణిజ్య సముదాయమునకు పోవును. లేదా ఇంటనే కూర్చుండి చరవాణిలో తెప్పించుకొనును.

ఈ నష్టము దుకాణదారుని చిట్టాలో ఎక్కడను కనిపించదు. అమ్మిన సరుకు వ్రాయబడును గాని, అమ్మకుండ పోయిన సరుకును వ్రాయువారెవరు? పెద్ద సముదాయమునకు సొంత నేలమాళిగ ఉన్నది, కాపలావారు ఉన్నారు. పది అడుగుల వెడల్పు కొట్టు పెట్టుకొని, ముగ్గురు నలుగురు కుటుంబీకులు దానిమీదనే బ్రతుకుచున్న చిన్న వర్తకునికి ఉన్నదల్లా ఎదుటి వీధి. ఆ వీధి ఊరివారిది, అతనిది కాదు. అందుచేతనే ఆ వీధిలోని చోటు ఎట్లు పంపకమగుచున్నదో అతనికి జీవన్మరణ సమస్య వంటిది.

మరి అంగడి ముందు పొద్దుటినుండి కదలక నిలిచియున్న బండి ఎవరిది? బయటివానిది అని అందరును అనుకొందురు. తీరా చూచినచో అది తరచుగా ఆ అంగడి యజమానిదో, పక్క కొట్టు గుమాస్తాదో, మేడమీది కార్యాలయములో పనిచేయు ఉద్యోగిదో అయి ఉండును. కారణము తెలిసినదే. అందరికంటె ముందు వచ్చి వీధి తలుపులు తెరచువారు వారే గదా! మొదట వచ్చినవానికి మంచి చోటు దొరకును. రాత్రి వరకు ఉండవలసినవాడు మొదట వచ్చును. పది నిమిషాలు ఉండి పోవలసినవాడు చివర వచ్చును. దానితో ఎక్కువ సేపు ఉండువానికి దగ్గరి చోటు, తక్కువ సేపు ఉండువానికి దూరపు చోటు దక్కుచున్నవి. న్యాయము దీనికి సరిగా తలక్రిందులుగా ఉండవలెను.

ఓక్లహోమా నగరపు ప్రయోగము

ఈ తలక్రిందులైన పంపకమును సరిచేయుటకు మొట్టమొదట యంత్రమును నిలిపిన ఊరు అమెరికాలోని ఓక్లహోమా నగరము. 1928 చివర అక్కడ చమురు బయటపడినది. జనము పెరిగినది, కార్లు పెరిగినవి. నగర మధ్యమున పనిచేయు ఉద్యోగులు ఉదయమే వచ్చి అంగళ్ల ముందు కార్లు నిలిపి, సాయంకాలము వరకు తీసెడివారు కారు. కొనువారికి చోటు లేక వర్తకులు మొరపెట్టుకొన్నారు. కాలపరిమితి నియమము లేకపోలేదు. పోలీసులు చక్రాలపై సుద్దముక్కతో గీత గీచి, గడువు దాటినవానిని పట్టుకొనెడివారు. కాని అన్ని వందల చక్రాలకు సుద్దగీతలు గీచుట ఎవరి తరము?

నగర వర్తక మండలి ఈ సమస్యను కార్ల్ మగీ అను పెద్దమనిషికి అప్పగించినది. ఆయన ఇంజనీరు కాడు, పత్రికా సంపాదకుడు. అంతకు పూర్వము న్యూ మెక్సికోలో ఉన్నప్పుడు టీపాట్ డోమ్ అను చమురు కుంభకోణమును బయటపెట్టుటలో పాలుపంచుకొన్నవాడు. నాణెము వేసినచో గడియారము వలె కాలము కొలిచి, గడువు తీరగానే ఆ సంగతి దారిన పోవువారికి తెలుపు యంత్రము ఉండవలెనని ఆయన ఊహ. స్టిల్‌వాటరులోని వ్యవసాయ, యాంత్రిక కళాశాల ఆచార్యుడు థూసెన్, ఆయన శిష్యుడు జెరాల్డ్ హేల్ ఆ ఊహకు రూపము కల్పించినారు. 1935 జూలై 16న మొదటి పార్కింగు మీటరు వీధిలో నిలిచినది. ఇరువది అడుగులకొక చోటు, చోటుకొక మీటరు, గంటకు ఐదు సెంట్లు.

జనము సంతోషించినారని చెప్పరాదు. పన్నులు కట్టి వేయించుకొన్న వీధిలో నిలుచుటకు మరల డబ్బా అని పలువురు కోపించినారు. వ్యాజ్యములు నడచినవి. 1937లో అలబామా రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము బర్మింగ్‌హామ్ నగరపు మీటర్లు చెల్లవని తీర్పు చెప్పినది. ఓక్లహోమా నగరములో తొలుత కేసులో చిక్కినవాడు ఒక మతాచార్యుడు. చిల్లర తెచ్చుకొనుటకై పక్క కొట్టుకు పోయితినని ఆయన చెప్పుకొనగా కేసు కొట్టివేసినారు.

కోపించనివారు వర్తకులు. మొదట వీధికి ఒక వైపుననే మీటర్లు పెట్టినారు. ఆ వైపున కార్లు వచ్చుచు పోవుచు ఉండుట, తమ వైపున కదలక పడి ఉండుట చూచి, ఎదుటి వరుస అంగళ్లవారు తమకును మీటర్లు కావలెనని కోరినారు. ఐదు సెంట్లు పోయినందుకు కొనుగోలుదారుడు పారిపోలేదు. చోటు దొరికినందుకు తిరిగి వచ్చినాడు. రుసుము వసూలగుట కంటె చోటు ఖాళీయగుటయే వారికి మేలైనది.

కొలుచుటకు అన్య మార్గములు

కాలము కొలుచుటకు నాణెమే అక్కరలేదు. 1957లో పారిస్ నగరము కొన్ని వీధులను నీలి మండలముగా ప్రకటించి, వచ్చిన వేళను చూపు అట్టబిళ్లను కారు అద్దము వెనుక ఉంచవలెనని నియమించినది. రుసుము లేదు, గడువు మాత్రము ఉన్నది. ఆ మరుసటి సంవత్సరమే, 1958 జూలై 10న, లండనులోని గ్రోవ్‌నర్ స్క్వేరున ఇంగ్లండు తన మొదటి మీటర్లను ప్రారంభించినది. ఒక ఊరు డబ్బును ఎన్నుకొన్నది, ఒక ఊరు అట్టబిళ్లను ఎన్నుకొన్నది. రెండును కొలిచినది కాలమునే.

ఈ విషయమును శాస్త్రముగా పరిశోధించినవారిలో ముఖ్యుడు లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డ్ షూప్. 2025లో కన్నుమూసిన ఈయన, ఉచిత పార్కింగు వెనుక దాగిన ఖరీదును గూర్చి 2005లో ఒక ఉద్గ్రంథము ప్రచురించినారు. తమ విశ్వవిద్యాలయము చెంతనున్న వెస్ట్‌వుడ్ విలేజ్ బజారులో ఆయన విద్యార్థులు సైకిళ్లపై తిరిగి లెక్కలు తీసినారు. చోటుకై వెదకు ఒక్కొక్క కారు సగటున 3.3 నిమిషాలు, సుమారు అర మైలు తిరుగుచున్నదని తేలినది. అర మైలు అల్పముగా తోచవచ్చును. కాని ఆ పదునైదు వీధి ఖండములలో అట్టి తిరుగుడు ఏటికి 9,50,000 మైళ్లకు చేరుచున్నదని ఆయన గణన. అంత ఇంధనము, అంత పొగ, అంత విసుగు, చోటు వెదకుటకే ఖర్చగుచున్నవి. ప్రతి వరుసలోను ఒకటి రెండు చోట్లు ఎప్పుడును ఖాళీగా ఉండునట్లు రుసుమును నిర్ణయించవలెనని ఆయన సిద్ధాంతము.

అదే రాష్ట్రములోని పాసడీనా పట్టణపు పాత బజారు ఈ సిద్ధాంతమునకు మంచి దృష్టాంతము. ఒకప్పుడు పాడుపడిన ఆ బజారులో గుమాస్తాలే అంగళ్ల ముందు చోట్లను ఆక్రమించుకొనెడివారు. మీటర్లు పెట్టుదమన్నప్పుడు వర్తకులు తొలుత ఒప్పలేదు. అప్పుడు నగర పాలకులు ఒక మాట ఇచ్చినారు: వసూలైన సొమ్ము ఆ బజారుకే ఖర్చు పెట్టుదుము. ఆ మాటపై 1993లో మీటర్లు వచ్చినవి. గంటకు ఒక డాలరు చొప్పున చేరిన సొమ్ముతో కాలిబాటలు బాగుపడినవి, చెట్లు నాటబడినవి, దీపాలు వెలిగినవి. జనము తిరిగి వచ్చినారు. తామిచ్చిన సొమ్ము తమ కళ్లయెదుట బాటగా, దీపముగా మారినప్పుడు ఇచ్చువారికి అది భారముగా తోచలేదు.

మన బజారులకు వర్తించునా?

పరదేశపు పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చి నిలుపుట తగదు. మన బజారుకు కార్లలో వచ్చువారికంటె నడచి, బస్సులో, ఆటోలో, ద్విచక్ర వాహనముపై వచ్చువారే ఎక్కువ. వర్తకుడు తరచుగా కారువానినే చూచి మిగిలినవారిని మరచును. 2006లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున జరిగిన పరిశీలనలో, కొనువారిలో నూటికి 41 మంది కార్లలో వచ్చుచున్నారని అంగళ్లవారు అనుకొనగా, నిజమునకు వచ్చుచున్నది 22 మందియే అని తేలినది. అక్కడనే అట్లున్నప్పుడు మన సంగతి చెప్పనేల? ఒక్క కారు నిలుచు ఇరువది అడుగులలో వరుసగా ఆరు ద్విచక్ర వాహనములు నిలుపవచ్చును. కాలిబాటపై బండ్లెక్కించి నడచువారిని నడివీధిలోనికి నెట్టుట అందరికంటె ఎక్కువమందికి కీడు చేయుట. తోపుడు బండిపై పండ్లమ్ముకొనువానికిని ఆ వీధిలో పాలున్నది. 2014 నాటి వీధి విక్రేతల చట్టము ఆ పాలును గుర్తించినది.

చట్టములకు మనకు కొరత లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 117వ సెక్షను ప్రకారము, స్థానిక సంస్థను సంప్రదించి బండ్లు నిలుపు తావులను నిర్ణయించు అధికారము ప్రభుత్వమునకు ఉన్నది. పది గంటలకు మించి బహిరంగ స్థలములో దిక్కులేక విడిచిన బండిని తరలించుటకు 127వ సెక్షను వీలు కల్పించుచున్నది. పట్టణములలో భూమి విలువైనది గనుక పార్కింగు రుసుములో ఆ విలువ కనిపించవలెనని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానము చెప్పినది. 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వము వాణిజ్య సముదాయములలో మొదటి 30 నిమిషాలకు రుసుము తీసికొనరాదని ఉత్తర్వు చేసినది. చిన్న పనిమీద వచ్చినవానికి అరగంట హక్కు ఉన్నదను భావము ఆ ఉత్తర్వులో కలదు. పెద్ద సముదాయములో అంగీకరింపబడిన ఆ అరగంటను చిన్న అంగళ్ల వీధికిని తెచ్చుట అసాధ్యమా?

లెక్క బడిపిల్లలకు తెలియనిది కాదు. అంగడి ఉదయము తొమ్మిదికి తెరచి రాత్రి తొమ్మిదికి మూయుననుకొందము. పన్నెండు గంటలు ఒకే కారు నిలిచినచో ఆ చోటు ఒక్కరికి ఉపయోగపడినది. అరగంటకొకరు చొప్పున నిలిచినచో ఇరువది నలుగురికి ఉపయోగపడును. రాకపోకల నడుమ ఖాళీలు తీసివేసినను పదునైదు మందికి తక్కువ కారు. అడుగు నేల కొనకుండ, ఒక గోడ కూల్చకుండ, ఒక చోటును పదునైదు చోట్లుగా చేయగల విద్య ఇది. వీధిని వెడల్పు చేయుట కోట్లతో పని. గడువు పెట్టుటకు కావలసినవి సున్నపు గీతలు, ఒక పలక, దానిని పాటించు మనసు.

ఆ మనసులోనే కష్టమున్నది. మీటరు వచ్చిన ఊళ్లలోను, గంటకొకసారి బయటకు వచ్చి తమ కారుకు తామే నాణెము వేసి లోపలికి పోయిన దుకాణదారులు ఉన్నారు. నియమమును కోరినవాడే నియమమును మోసగించినచో యంత్రమేమి చేయును? కనుక మొదటి అడుగు వర్తక సంఘముది. యజమానులు, గుమాస్తాలు తమ బండ్లను వీధికి దూరముగా, పురపాలక సంఘము చూపిన చోటనో, కొంత అద్దె కలిసి ఇచ్చుకొను ఖాళీ స్థలములోనో నిలుపుకొనవలెను. సరుకు దింపు బండ్లకు తెల్లవారుజాము వేళ కేటాయించవలెను. నడువలేనివారికి అంగళ్లకు దగ్గరగా చోటు విడువవలెను. రుసుము తీసికొన్నచో రసీదు ఇయ్యవలెను. ఆ సొమ్ము ఏ కాలిబాటకు, ఏ దీపమునకు పోయినదో అదే వీధిలో పలకపై వ్రాయవలెను. రసీదు లేని వసూలు ఉన్నచోట ఏ సంస్కరణయు జనుల విశ్వాసమును పొందజాలదు.

రెండవ అడుగు వేయుటకు పాఠశాలకు అవకాశమున్నది. ఒక శనివారము నలుగురు విద్యార్థులు, ఉపాధ్యాయుని వెంట, తమ ఊరి బజారులో ఒక వరుసను ఎన్నుకొని, కాలిబాటపై నిలిచి, అరగంటకొకసారి అక్కడి బండ్ల సంఖ్యలలోని చివరి రెండంకెలు మాత్రము పుస్తకములో వ్రాసికొన్నచో చాలును. సాయంకాలమునకు ఏ బండి ఎంతసేపు నిలిచినదో, ఎన్ని బండ్లు వచ్చి పోయినవో లెక్క తేలును. గణితమును పౌరధర్మమును ఒక్క పూటలో నేర్పు పాఠమిది. ఆ పట్టికను వర్తక సంఘమువారికి చూపినచో, బయటివారిపై నెపము మోపుట మాని, తమ బండ్లను తాము గుర్తించుకొందురు.

వీధిలోని చోటు గంగాళములో నీరు వంటిది. ఒకడు తన చెంబును అందులోనే ముంచి ఉంచి కూర్చున్నచో మిగిలినవారు దాహముతో తిరిగి పోవుదురు. ముంచుకొని పక్కకు జరిగినచో వాడలోని వారందరికీ అందును.