మంత్రసాని పని ఎంతవరకు?

అపోహ: కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి, ఇంకా మంత్రసాని ఎందుకు?

తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. ఆ లెక్క అలా ఉంచండి. సూర్యాపేట, కోదాడ హైవే మీద ఉన్న ఊళ్లు. కానీ మఠంపల్లి, దామరచర్ల వైపు తండాల్లో రాత్రిపూట నొప్పులొస్తే 108 వచ్చేలోపు పక్కన ఉండేది ఆశా కార్యకర్త, లేదంటే నాలుగు కాన్పులు చూసిన పెద్దామె. ఆ కాసేపట్లో ఆమె ఏం చేస్తుందన్నదే అసలు ప్రశ్న.

అపోహ: మంత్రసానులకు శిక్షణ ఇస్తే తల్లుల మరణాలు ఆగిపోతాయి.

అంత తేలిక కాదు. పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలో మంత్రసానులకు శిక్షణ ఇచ్చి చూసిన అధ్యయనం 2005లో వెలువడింది. కడుపులోనూ, పుట్టిన వారంలోనూ బిడ్డలు చనిపోవడం సుమారు 30 శాతం తగ్గింది. తల్లుల మరణాల్లో మాత్రం ఖాయంగా చెప్పగల తేడా కనబడలేదు. కారణం స్పష్టమే. కాన్పయ్యాక అరలీటరు దాటి రక్తం పోతుంటే ఆక్సిటోసిన్ కావాలి, అవసరమైతే రక్తం ఎక్కించాలి. గుర్రపువాతం వస్తే మెగ్నీషియం సల్ఫేట్ సూది పడాలి. ఇవేవీ అనుభవంతో వచ్చేవి కావు.

మరి శిక్షణతో ఒరిగేదేంటి? చేయకూడనివి తెలుస్తాయి. బిడ్డ త్వరగా రావాలని పొట్ట మీద నొక్కకూడదు. మాయ పడకపోతే బొడ్డుతాడు పట్టి లాగకూడదు. ఇంటి దగ్గర నొప్పుల సూది వేయించడం అన్నిటికన్నా ప్రమాదం, గర్భసంచి చిట్లిపోవచ్చు. చేయాల్సినవి కొన్నే: సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన పక్క, కొత్త బ్లేడు, బొడ్డు కట్టడానికి శుభ్రమైన దారం, కోసిన బొడ్డుకు పసుపు, బూడిద ఏదీ రాయకపోవడం. వేసిన గుడ్డలు రక్తంతో తడిసిపోతున్నా, తలనొప్పితో కళ్లు మసకలు కమ్మినా, ఆలోచించకుండా బండెక్కించాలి.

అపోహ: ముర్రుపాలు పిండేయాలి.

పిండొద్దు. గంటలోపే పట్టాలి.

అపోహ: మిడ్‌వైఫ్ అంటే చదువురాని మంత్రసానే.

2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్‌లో ప్రభుత్వ స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. మామూలు కాన్పును కోత లేకుండా నడిపించడం వాళ్ల పని. మంచి ప్రయత్నమే. కానీ వాళ్లు పనిచేసేది ఆసుపత్రిలో. తండాలో మాత్రం ఆ పెద్దామే దిక్కు.

అందుకే ఆమెను ఆసుపత్రి దాకా రానివ్వాలంటాను. ప్రభుత్వ ఆసుపత్రుల లేబర్ గదుల కోసం 2017లో వచ్చిన 'లక్ష్య' కార్యక్రమం గర్భిణికి తోడుగా ఒక ఆడమనిషిని లోపల ఉండనివ్వాలంటుంది. ఆ తోడు మంత్రసానే అయితే లంబాడీ తప్ప మరో భాష సరిగా రాని పిల్లకు నర్సు చెప్పేది అర్థమవుతుంది. ఎప్పటి నుంచి నొప్పులు, ఉమ్మనీరు ఎప్పుడు పోయింది అని డాక్టరు అడిగితే జవాబు చెప్పే మనిషీ ఉంటుంది.