గోలీసోడా, తాటికల్లు, ప్రొసెక్కో

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు చూసివచ్చినవారికి ప్రభల వెలుగులతోపాటు గోలీసోడా చప్పుడు కూడా జ్ఞాపకం ఉంటుంది. బొటనవేలితో గోలీని లోపలికి ఒక్క నొక్కు నొక్కగానే కీచుమని గాలి, వెంటనే నురగ, గొంతులో దిగేటప్పుడు ముక్కుదాకా పాకే ఆ ఘాటు! నరసరావుపేటలోనూ మాచర్లలోనూ గురజాలలోనూ పుట్టి పెరిగినవారికి బుడగల పానీయమంటే మొదట తెలిసినది ఇదే.

ఇటీవల మరొక సీసా చప్పుడు కూడా మన ఇళ్ళలోకి వస్తున్నది. అబ్బాయి లండనునుంచో డల్లాసునుంచో ఫోటో పంపుతాడు. ఎవరిదో పెళ్ళి, నలుగురి చేతుల్లోనూ సన్నని పొడుగాటి గ్లాసులు, వాటిలో లేత బంగారు రంగు నీళ్ళు, అడుగునుంచి పైకి దారంలాగా లేచే బుడగలు. “అదేమిటిరా చేతిలో?” అని తల్లి అడుగుతుంది. “ప్రొసెక్కో అమ్మా. ఏమీ లేదు, మన సోడాలాంటిదే” అని వాడు మాట దాటవేస్తాడు.

ఈ జవాబులో నిజం ఎంత? ఆ తల్లి ప్రశ్న చాదస్తం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు సారామీద లేచిన ఉద్యమమే పెరిగి పెరిగి, 1995లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టేదాకా వచ్చింది. నిషేధం 1997లో సడలిపోయింది గాని, గ్లాసులో ఏమున్నదో తెలుసుకోవాలన్న పట్టుదల మన ఆడవారిలో సడలలేదు. అందుచేత ఆ ఇటలీ పానీయం రుచి ఎట్లా ఉంటుందో, అది దేనికి చుట్టమో, సోడాకు ఏమవుతుందో కాస్త వివరంగా చూద్దాం.

బుడగ పానీయాలన్నిటినీ ఒకే ప్రశ్నతో విడదీయవచ్చు. బుడగ బయటనుంచి వచ్చిందా, లోపలే పుట్టిందా? సోడాలో బుడగ బయటిది. నీటిలోకి బొగ్గుపులుసు వాయువును బలవంతంగా ఎక్కించి మూత వేస్తారు. తమాషా ఏమంటే, ఈ సోడా సైతం సారాయి ఇంటి పక్కనే పుట్టింది. 1767లో ఇంగ్లండులోని లీడ్సు పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రజ్ఞుడు బీరు బట్టీకి పొరుగున కాపురముండేవాడు. పులుస్తున్న బీరు తొట్లపైన తేలే వాయువును నీటిలోకి దింపి చూస్తే నీరు చురుక్కుమన్నది! 1772లో ఆ పద్ధతిని పుస్తకంగా అచ్చువేశాడు. ఆయన దేశంవాడే హైరమ్ కాడ్, సరిగ్గా నూరేళ్ళ తరువాత, 1872లో గోలీసీసాకు పేటెంటు తీసుకున్నాడు. లోపలి గాలే గోలీని రబ్బరు వలయానికి అదిమి పట్టి తన జైలుకు తానే తాళం వేసుకుంటుంది. అంత చక్కని ఉపాయాన్ని ఆ దేశం వదిలిపెట్టినా మన తిరునాళ్ళు వదలలేదు.

లోపల పుట్టే బుడగకు పల్నాటిలో ఉదాహరణ కావాలంటే ఇడ్లీపిండినయినా చూపవచ్చు గాని, అసలు ఉదాహరణ తాటికల్లు. గౌరవనీయులైన పాఠకులు కొందరు ముఖం చిట్లించవచ్చు. కాని రుచి సంగతి మాట్లాడుతూ కల్లును వదిలిపెడితే కథ సగమే అవుతుంది.

గీతకార్మికుడు మోకుతో చెట్టెక్కి, గెలకొనను సన్నగా చెక్కి ముంత కడతాడు. చుక్కచుక్కగా దిగే రసం తియ్యనిది. అందులో నూటికి 10 నుంచి 15 వంతులదాకా పంచదారే. గాలిలోని ఈస్టు, దానితోపాటు కొన్ని బాక్టీరియాలు ముంతలో చేరి ఆ తీపిని తినడం మొదలుపెడతాయి. వాటి పనిలో ఒకవైపు ఆల్కహాలు, మరొకవైపు అదే బొగ్గుపులుసు వాయువు. ఈ పని జరగకూడదనుకుంటే ముంతలోపల సున్నం పూస్తారు. అప్పుడది నీరా అవుతుంది, కాచితే తాటిబెల్లం అవుతుంది. సున్నానికి పేరుపడ్డ పిడుగురాళ్ళ పల్నాటిలోనే ఉన్నది గనుక ఈ కిటుకు మనవారికి కొత్త కాదు.

తెల్లవారుజామున దించిన కల్లు పాలనీళ్ళ రంగులో, తియ్యగా, నాలుకమీద చీమ కుట్టినట్టు చురుకుగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ తీపి చచ్చి పులుపు లేస్తుంది. మధ్యాహ్నానికి పులిసిన మజ్జిగ వాసన, సాయంత్రానికి మోటుదనం. మరునాటికి కాడి. ఒక్క రోజులో బాల్యం, యౌవనం, వార్ధక్యం అన్నీ అయిపోతాయి. రెంటచింతల ఎండలో ఇంకా తొందరగా అయిపోతాయి.

ఇప్పుడు ప్రొసెక్కో. ఇటలీ దేశపు ఈశాన్య మూల, వెనిస్ నగరానికి పైన, కొనెల్యానో, వాల్దొబ్బియాదెనె అనే ఊళ్ళ మధ్య నిటారు కొండలున్నాయి. 2019లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది. ఆ కొండలమీదా, కింది మైదానాలలోనూ గ్లేరా అనే తెల్లద్రాక్ష పండిస్తారు. దాని రసాన్ని మొదట మామూలు ద్రాక్షసారాయిగా పులియబెడతారు. తరువాత మూత బిగించిన పెద్ద ఉక్కుతొట్టిలో పోసి, కొంచెం పంచదార, ఈస్టు కలిపి రెండోసారి పులియనిస్తారు. వాయువు బయటికి పోయే దారిలేక సారాయిలోనే కరిగిపోతుంది. కనీసం నెలరోజులు ఉంచి, చల్లార్చి, వడగట్టి, ఒత్తిడి పోకుండా సీసాలకెక్కిస్తారు. ఈ తొట్టి పద్ధతిని 1895లో మార్తినొత్తి అనే ఇటలీవాడు కనిపెడితే, 1907లో షార్మా అనే ఫ్రెంచివాడు బాగుచేశాడు. ఇప్పుడు రెండు దేశాలవారూ ఎవరి మనిషి పేరు వారు పెట్టి పిలుచుకుంటారు.

సోడాలో లాగా వాయువును బయటనుంచి ఎక్కించలేదు గనుక, పుట్టుకను బట్టి చూస్తే ప్రొసెక్కో కల్లుకే దగ్గర. అబ్బాయి చెప్పిన చుట్టరికం తప్పు.

రుచి మాటకు వద్దాం. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే ద్రాక్షపండు వాసన వస్తుందనుకుంటాము. రాదు. ఆకుపచ్చ ఆపిలు, బేరికాయ, కొంచెం కర్బూజ, వెనకాల ఎక్కడో తెల్లపూల వాసన. అక్కడివారు దాన్ని అకేసియా పువ్వు అంటారు గాని, వారు ఆ పేరుతో పిలిచే చెట్టు మన పొలంగట్టు తుమ్మ కాదు, వేరొకటి. నోట్లో పోసుకుంటే మొదట నురగ, ఆ తరువాత దోర గంగరేగు కొరికినట్టు తీపీ పులుపూ కలిసిన చల్లదనం, చివర అతి స్వల్పంగా చేదు. మింగిన తరువాత ఆ రుచి ఎక్కువసేపు నిలవదు. కొందరు దీన్ని లోపమంటారు. నాకు మాత్రం వేసవి పానీయానికి అది గుణంగానే తోచింది. కల్లులోని మజ్జిగ వాసన ఇందులో లేదు, ఎందుకంటే పని అంతా ఈస్టే చేసింది, పుల్లబెట్టే బాక్టీరియాను దగ్గరికి రానివ్వలేదు.

షాంపేను దారి వేరు. ఫ్రాన్సులోని షాంపేను సీమలో రెండో పులుపు తొట్టిలో కాదు, అమ్మే సీసాలోనే జరుగుతుంది. పని ముగిసి చచ్చిన ఈస్టు అడుగున మడ్డిగా పేరుకుంటుంది. ఆ మడ్డిమీదనే సారాయిని నెలల తరబడి పడుకోబెడతారు. సీసాలో చేరినప్పటినుంచి మొత్తం 15 నెలలు కాకుండా అమ్మకానికి వదలరాదని అక్కడి నియమం. మంచివాటిని ఏళ్ళకేళ్ళు ఉంచుతారు. అందుచేత షాంపేనులో పండుకంటె ముందు బేకరీ తగులుతుంది. అప్పుడే పొయ్యిలోనుంచి తీసిన బన్ను, రస్కు, వేయించిన బాదం. పులుపు కూడా పదునైనది, బుడగ సన్నది, రుచి చాలాసేపు నిలుస్తుంది. సీసాలో ఒత్తిడి 5, 6 అట్మాస్ఫియర్లు. అంటే కారు చక్రంలో గాలికి రెండింతలకు పైమాటే. ప్రొసెక్కోలో సాధారణంగా అంతకంటె కొంచెం తక్కువ.

రెండింటిలో ఏది గొప్ప? ధరను బట్టి, ఖ్యాతిని బట్టి షాంపేనే. కాని నాలుకకు ఖ్యాతితో పనిలేదు. శ్రీనాథుడివని చెప్పుకునే చాటువులలో పల్నాటి జొన్నకూటిమీద విసుగు ఎంత కనిపించినా, పల్నాటివారు జొన్నకూడు మానుకోలేదు కదా! తాజా పండు రుచి కోరేవారికి ప్రొసెక్కో, కాలం తెచ్చిన లోతు కోరేవారికి షాంపేను. ప్రపంచం మటుకు మొదటిదాన్నే ఎక్కువగా తాగుతున్నది. ఏటా 60 కోట్ల సీసాలకు పైగా ప్రొసెక్కో తయారవుతుంటే, షాంపేను అందులో సగానికి తక్కువ.

తక్కిన చుట్టాలను రెండు మాటల్లో చెప్పవచ్చు. స్పెయిన్‌వారి కావా, షాంపేనులాగే సీసాలో పులిసినదయినా ధరలో మెత్తన, రుచిలో కాస్త మట్టివాసన. ఇటలీలోనే అస్తి అనేది మొస్కాతో ద్రాక్షతో చేసిన తియ్యని పానీయం, ఆల్కహాలూ తక్కువే. ద్రాక్షపండు వాసన నిజంగా కావలసినవారు దాన్నే చూడాలి. మన దేశంలో నాసిక్ దగ్గర సులావంటి సంస్థలు సీసా పద్ధతిలోనే బుడగ సారాయి చేస్తున్నాయి.

సీసామీద అట్ట చదవడంలో ఒక చిక్కు ఉన్నది. ‘ఎక్స్‌ట్రా డ్రై’ అని ఉంటే బొత్తిగా తీపి లేనిదని ఎవరయినా అనుకుంటారు. కాని ‘బ్రూట్’ అన్నదే తక్కువ తీపి, లీటరుకు 12 గ్రాముల లోపు పంచదార. ‘ఎక్స్‌ట్రా డ్రై’లో 12 నుంచి 17 గ్రాములు. ఒట్టి ‘డ్రై’ అన్నది ఇంకా తీపి, 17 నుంచి 32. ఈ పేర్లు పెట్టినవారు ఎవరో గాని పిండివంటలు చేసిన ఇంటివారు మాత్రం కారు.

అన్నిటికంటె నాకు వింతగా కనిపించినది ఆ కొండపల్లెల పాత ప్రొసెక్కో. దాన్ని ‘కోల్ ఫోందో’ అంటారు, అంటే మడ్డితో కూడినది అని. ఉక్కుతొట్లు రాకముందు రైతులు సారాయిని సీసాలో పోసి బిరడా పెడితే, వసంతంలో వెచ్చదనం తగిలి అదే మళ్ళీ పులిసేది. వడగట్టడం లేదు. మడ్డి కదిలిస్తే పానీయం మబ్బుగా, పాలనీళ్ళలాగా ఉంటుంది. పుల్లన, కొంచెం ఈస్టు వాసన, తీపి దాదాపు శూన్యం. దాన్ని ఒకప్పుడు మోటు సరుకుగా తీసిపారేశారు. ఇప్పుడు కోరి కొనుక్కుంటున్నారు, చట్టంలో దానికొక ప్రత్యేక తరగతి కూడా ఏర్పడింది. కళ్ళు మూసుకుని దాని పక్కన మన పొద్దుటి కల్లు పెడితే అన్నదమ్ముల పోలిక తెలుస్తుంది. తేడా అల్లా ఒక్కటే. అది గట్టి సీసాలో నిలవ ఉండగలదు గనుక సముద్రం దాటింది. మన కల్లు సాయంత్రంలోపల చచ్చిపోతుంది గనుక పాక దాటలేదు. పాక దాటించాలని కొన్నిచోట్ల అందులో మత్తుమందులు కలిపిన పాడుపని వల్ల ప్రాణాలు పోయిన సంగతి కూడా మనం ఎరిగినదే. చెట్టెక్కి ప్రాణానికి తెగించేవాడికి మటుకు పేరూ రాలేదు, ధరా రాలేదు.

పేరు అంటే గుర్తుకు వచ్చింది. 2009 దాకా ప్రొసెక్కో అన్నది ద్రాక్ష పేరు కూడా. ఇతర దేశాలవారు ఆ తీగ నాటి అదే పేరుతో అమ్ముకోసాగారు. ఇటలీవారు ఆలోచించి, త్రియెస్తె నగరం దగ్గర ప్రొసెక్కో అనే పల్లె ఉన్నది గనుక దాన్ని సీమ పేరుగా స్థిరపరచి, ద్రాక్షకు గ్లేరా అనే మరొక పాత పేరు పెట్టారు. అంతకుముందే తీగలు నాటుకున్న ఆస్ట్రేలియా రైతులు, అది పండు పేరే గాని ఊరి పేరు కాదని తగవుకు దిగారు. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు ఉన్నది గనుక, పల్నాటి మిరప రైతులకు ఈ తగవు విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇక ఆ తల్లి ప్రశ్న. ప్రొసెక్కోలో ఆల్కహాలు నూటికి 11 వంతులు. రోజు కల్లులో 4 నుంచి 6. లెక్కవేస్తే 125 మిల్లీలీటర్ల చిన్న గ్లాసు ప్రొసెక్కో, 275 మిల్లీలీటర్ల కల్లుతో సమానం. గోలీసోడాలో ఒక్క చుక్క లేదు. పైగా చల్లన, పండువాసన, బుడగలు ఈ మూడూ కలిసి దాని బలాన్ని నాలుకకు తెలియనివ్వవు. రెండో గ్లాసు మొదటిదానికంటె తేలికగా దిగుతుంది. అబ్బాయి పెళ్ళినుంచి ఇంటికి కారు తానే నడుపుతాడా, ఎవరయినా దింపుతారా అన్నది ఫోనులో అడగవలసిన తరువాతి ప్రశ్న.

వాడు సెలవులకు వస్తూ ఒక సీసా వెంట తెచ్చినట్లయితే, దానిని పల్నాటి వేసవిలో బల్లమీద ఉంచకూడదు. వేడెక్కిన ద్రవంలో వాయువు నిలవదు. బిరడా తుపాకిగుండులాగా లేచి పానీయంలో సగం నేలపాలవుతుంది. బాగా చల్లార్చి, తీగ విప్పేటప్పుడు బొటనవేలు బిరడామీదనే ఉంచి, సీసా మూతిని ఎవరి ముఖానికీ ఎదురుగా పెట్టకుండా, బిరడాను కాక సీసాను మెల్లగా తిప్పాలి. గోలీసోడాలాగా చప్పుడు చేయించడం గొప్పకాదు, నిట్టూర్పులాగా రావడమే పనితనం. మిగిలిపోయినది ఒక రోజులో బుడగ పోయి చప్పబడుతుంది. ఇటలీ ఇల్లాళ్ళు దాన్ని పారబోయరు, మరునాడు వెన్న వేసి వండే రిసొత్తో అనే మెత్తని అన్నంలో పోసి ఉడికిస్తారు.