ఎముకలు కూర్చిన యిల్లాలు

చెన్నపట్టణములోని ఎగ్మూరు ప్రదర్శనశాలకు మనవారు పూర్వము "చచ్చిన కాలేజి" యని పేరిడిరి. సజీవములైన జంతువులను జూపు తోట "బ్రతికిన కాలేజి". ఆ చచ్చిన కాలేజిలో తిమింగిలపు అస్థిపంజరమును జూచి విస్తుపోయిన సోదరీమణులు మా పాఠకురాండ్రలో ననేకు లుందురు. మే మిపుడు ముచ్చటింపబోవునది మఱియొక చచ్చిన కాలేజి. ఇది యే రాజధానిలోను లేదు. దొరతనమువారు కట్టించినదియు గాదు. దక్షిణ అమెరికా ఖండము ముగియు చోట, గొఱ్ఱెల పెంపకమునకై యేర్పడిన యొక క్షేత్రములో, ఒక యిల్లాలు పోగుచేసిన యెముకలతో నిది వెలసినది.

అర్జెంటీనా దేశమునకు దక్షిణపు కొసనున్న ఆ ద్వీపము పేరు టియెర్రా డెల్ ఫ్వేగో. అగ్నిభూమి యని యర్థము. పేరే గాని యచ్చట నగ్నికంటె చలిగాలియే హెచ్చు. ఉష్వాయా పట్టణమునకు తూర్పున 85 కిలోమీటర్ల దూరమున, బీగిల్ జలసంధి యొడ్డున, హార్బర్టన్ అను క్షేత్రము కలదు. మతప్రచారకుడుగా వచ్చిన థామస్ బ్రిడ్జెస్ అను ఆంగ్లేయుడు 1886లో దానిని నెలకొల్పి, ఇంగ్లండులో తన భార్య పుట్టిన గ్రామము పేరు దాని కిడెను. ఒక కోడలి పుట్టినూరి పేరు అంత దూరము సాగిపోయి నిలుచుట మాకు ముచ్చటగా తోచినది.

ఆ వంశమునకే పిమ్మట మఱియొక కోడలు వచ్చిరి. ఆమె రే నటాలీ ప్రాసర్ గుడాల్ గారు. 1935లో అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒహాయోలో జన్మించి, వెనెజ్వెలాలో ఉపాధ్యాయినిగా నుండిరి. బ్రిడ్జెస్ కుమారుడు లూకస్ ఆ ద్వీపమును గూర్చి వ్రాసిన గ్రంథమును చదివి, చదివి యూరకుండక చూడబోయిరి. అచ్చట బ్రిడ్జెస్ ముని మనుమడైన థామస్ గుడాల్‌ను వివాహమాడి నిలిచిపోయిరి. మొదట ఆమె దృష్టి మొక్కలమీద నుండెను. పూవుల నేరి, ఆరబెట్టి, వాని రూపములను చక్కగా చిత్రించుచుండిరి. ఇద్దరు కొమార్తెల పెంపకము నడుమనే యీ కృషియు సాగినది. 1970 తరువాత తీరమున దొరకిన డాల్ఫిను పుర్రెలు ఆమె మనసును లాగినవి. అప్పటినుండి మరణించువరకు ఆమె యెముకలను విడువలేదు.

ఆ ద్వీపమునకు తూర్పు వైపున, అట్లాంటిక్ తీరమున, సాన్ సెబాస్టియన్ అను అఖాతము కలదు. అచ్చట పోటు వచ్చినపుడు నీరు చాల దూరము లోనికి వచ్చును; ఆటు రాగానే అంత దూరమును వెనుకకు తొలగి బురదమేట బయలుపడును. నీటితోబాటు లోనికి వచ్చిన తిమింగిలములు వెనుకకు పోలేక యా బురదలో చిక్కువడును. నీటిలో తేలియాడు భారీ శరీరమునకు నేలమీద తన బరువే శత్రువు. కొన్ని చేపల వలలలో తగుల్కొని చచ్చును. గుడాల్ గారును, తోడువచ్చిన విద్యార్థులును ఆ తీరములవెంబడి మాటిమాటికి తిరిగి, కళేబరములను కొలిచి, గుర్తులు వ్రాసికొని, ఎముకలను ఇంటికి చేర్చిరి.

చదువుచున్న సోదరీమణులు ఇచ్చట ముక్కు మూసికొన్నను మేము తప్పు పట్టము. మాంసమును కోసి తీయవలెను. మిగిలినదానిని నానవేయవలెను, ఉడికింపవలెను, తోమవలెను. ఒక వేపుడు మాడినచో నాలుగు దినములు వాసన పోలేదని నొచ్చుకొను మనము, తిమింగిలమును శుభ్రపరచిన యింటిని ఊహించుకొనుటయే కష్టము. అయినను ఆ పని చేతులతో చేయవలసినదే. దానికి వేఱు దారి లేదు.

ఇంత శ్రమకు ఫలమేమి? ఒక్క జంతువును చూతము. కన్నుచుట్టు నల్లని మచ్చయు, దాని చుట్టు తెల్లని గీతయు నుండుటచే, కండ్లజోడు పెట్టుకొన్నట్లు కనబడు చిన్న సముద్రజంతు వొకటి దక్షిణ సముద్రములలో గలదు. 1912లో బ్యూనస్ ఎయిరెస్ సమీపమున పట్టువడిన యొక చూలాలిని చూచి శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టిరి. ప్రాణముతో నది మనుష్యుల కంటబడుట మిక్కిలి యరుదు. దానిని గూర్చి నేడు తెలిసినదానిలో చాలభాగము అగ్నిభూమి తీరమున దొరకిన యెముకలవలననే తెలిసినది. చచ్చినవి చెప్పకున్నచో బ్రతికినవాని సంగతి మనకు తెలియదు!

ఎముకలను చదువుటయు నొక విద్యయే. తిమింగిలపు ఱెక్కవంటి అవయవములో మన చేతివలెనే భుజాస్థి, మణికట్టు, వ్రేళ్ల యెముకలు నున్నవి. వెనుక కాళ్లు లేవుగాని, కటిప్రదేశపు చిన్న యెముకలు రెండు వెన్నెముకకు అంటకుండ మాంసములో మిగిలియుండును. దాని పూర్వులు నేలపై నడచిన గుర్తులవి. పంటిని కోసి చూచినచో చెట్టుమానులోవలె పొరలు కనబడును. వానిని లెక్కించి వయస్సు చెప్పుదురు. ముక్కు పొడవైన యొక తెగ తిమింగిలములలో పలు జాతుల మగవానికే చిగురు దాటి పండ్లు వచ్చును, అవియు రెండే. ఆడువానికి నోట పండ్లు కానరావు.

2001లో క్షేత్రములోనే ఈ సొత్తునకు ప్రత్యేకముగా నొక భవనమును తెఱచిరి. 2,700కు పైబడిన సముద్రజంతువులును, 2,300 పక్షులును ఆ సేకరణలో నున్నవి. దానిపేరు అకతుషూన్. ఇది ఆ తీరమున నివసించిన యామనా జాతివారు ఆ చోటికి పెట్టుకొన్న పేరు. తిమింగిలము ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన నాడు వారికి పండుగ. దూరపు కుటుంబములు సైతము పడవలలో వచ్చి చేరి భుజించెడివారు. పిమ్మట వెలినుండి వచ్చిన వేటగాండ్రు వారి సీలులను తిమింగిలములను హరించిరి. 1884లో తట్టు సోకి యనేకులు మడిసిరి. థామస్ బ్రిడ్జెస్ వారి భాషకు సుమారు 32,000 మాటలతో నిఘంటువును కూర్చెను. అంత సంపన్నమైన భాషను పుట్టుకతో నేర్చి మాటలాడిన వారిలో కడపటిదైన క్రిస్టినా కాల్డెరాన్ అను వృద్ధురాలు, జలసంధి కావలి యొడ్డున చిలీ దేశపు నవరినో ద్వీపమున నివసించి, 2022లో కన్నుమూసెను. తిమింగిలపు వెన్నుపూసలను సంఖ్య వ్రాసి దాచవచ్చును. మాటాడు నోరు లేని భాషను నిఘంటువులో దాచినను, అది యొక విధముగా నెముకయే యని మాకు తోచుచున్నది.

నటాలీ గుడాల్ గారు 2015లో కాలము చేసిరి. ప్రదర్శనశాల నిలిచియున్నది. అచ్చట వేసవి యనగా మనకు చలికాలము. ఆ నెలలలో వివిధ ప్రాంతములనుండి విద్యార్థినీ విద్యార్థులు వచ్చి వసించి, పగలు సందర్శకులకు అస్థిపంజరములను చూపి వివరింతురు, తక్కిన వేళల యెముకలను శుభ్రపరతురు.